స్తూపం ఎవరిది? వాడ పేరు ఎక్కడ?

స్మారక స్తూపాల గురించి మన దగ్గర పెద్దగా చర్చ జరగలేదు. స్తూపం అంటే ఏడాదికోసారి దండ వేసే చోటు, జెండా ఎగరేసే చోటు, ఉపన్యాసం ఇచ్చే చోటు. వర్ధంతి అయిపోయిన తెల్లారి దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ ఒక సమాజంలో ఎవరి చావు లెక్కకొస్తుంది, ఎవరి చావు రాదు అన్నది తెలుసుకోవాలంటే పుస్తకాలకన్నా ముందు రాళ్ళను చూడాలని మేము అనుకుంటున్నాం. పుస్తకం చదువొచ్చినవాళ్ళకే అందుతుంది. రాయి ఊరి నడుమ నిలబడి, చదువు రానివాళ్ళకు కూడా ఒక మాట చెప్తూనే ఉంటుంది: ఈ చోటు ఎవరిదో, ఇక్కడ ఎవరిని గుర్తుపెట్టుకోవాలో.

ఈ వ్యాసంలో రెండు రకాల స్తూపాలను పక్కపక్కన పెట్టి చూస్తాం. ఒకటి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోషలిస్టు యుగోస్లావియాలో కట్టినవి. రెండు, ఉప్పల్ నుంచి వరంగల్ పోయే రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో తెలంగాణ సాయుధ పోరాటం మిగిల్చినవి. వాటి తర్వాత, ఏ ప్రభుత్వమూ ఏ పార్టీ నిర్ణయమూ లేకుండా చుండూరు దళితులు తమకు తాముగా నిలబెట్టుకున్న చోటు దగ్గరికి వస్తాం.

ఉప్పల్ నుంచి ఎందుకు మొదలుపెడుతున్నాం? భువనగిరి, ఆలేరు, జనగామ వైపు పల్లెల నుంచి బతుకుదెరువుకు పట్నం వచ్చే దారి ఇదే. మాలవాడ, మాదిగవాడ వదిలి వచ్చిన మనుషులు ఉప్పల్, నాచారం, మల్లాపూర్ 'పారిశ్రామికవాడ'ల్లో కూలీలయ్యారు. వాడ నుంచి వాడకే! నిన్నటి పోరాటం జరిగిన పల్లెల మనుమలు, మనుమరాళ్ళు ఇవాళ ఈ బస్తీల్లో ఉన్నారు. చచ్చిపోయినవాళ్ళ పేర్లు కూడా వాళ్ళతోపాటు ఇక్కడికే వచ్చాయి. కాబట్టి ఈ చర్చ ఎక్కడో దూరదేశపు శిల్పకళ గురించి కాదు.

ఏ స్తూపాన్నయినా మూడు ప్రశ్నలు అడగాలి. అది ఎవరి నేల మీద ఉంది? దాని మీద ఎవరిని ఏ పేరుతో పిలిచారు? దాన్ని ఎవరు కాపాడుతున్నారు? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఆ స్తూపం ఎవరిదో తేలిపోతుంది.

యుగోస్లావియా రాళ్ళు

1941లో నాజీ జర్మనీ, దాని మిత్రులు యుగోస్లావియాను ఆక్రమించుకున్నారు. టిటో నాయకత్వంలో కమ్యూనిస్టు పార్టిజాన్లు గెరిల్లా యుద్ధం చేశారు. అది పరాయి సైన్యంతో మాత్రమే జరిగిన యుద్ధం కాదు. సెర్బులు, క్రొయేషియన్లు, బోస్నియా ముస్లింలు ఒకరినొకరు చంపుకున్న యుద్ధం కూడా. 1945లో ఏర్పడ్డ సోషలిస్టు రాజ్యానికి అందుకే ఒక పెద్ద చిక్కు వచ్చింది. చంపినవాళ్ళ పిల్లలూ, చచ్చినవాళ్ళ పిల్లలూ ఒకే దేశంలో, ఒక్కోచోట ఒకే ఊళ్ళో బతకాలి. ఏ శిలువ పెట్టినా ఒకరికి కోపం, ఏ నెలవంక పెట్టినా ఇంకొకరికి కోపం. 'సోదరత్వం, ఐక్యత' అన్నది ఆ రాజ్యపు నినాదం.

మొదట్లో సోవియట్ పద్ధతిలో తుపాకి పట్టిన సైనికుడి విగ్రహాలు, యుద్ధ దృశ్యాలు చెక్కారు. 1948లో టిటోకూ స్టాలిన్‌కూ తెగతెంపులయ్యాక శిల్పం దారి కూడా మెల్లగా మారింది. 1960లు, 70లలో మనిషి రూపం లేని బ్రహ్మాండమైన కాంక్రీటు, ఉక్కు నిర్మాణాలు వచ్చాయి. బోగ్దాన్ బోగ్దానోవిచ్ యాసెనోవాట్స్‌లో 1966లో కట్టిన రాతిపువ్వు, మియోద్రాగ్ జివ్‌కోవిచ్ త్యెంతిష్టే లోయలో 1971లో నిలబెట్టిన రెండు రెక్కల్లాంటి బండలు, వోయిన్ బాకిచ్ పెత్రోవా గోరా కొండ మీద 1981లో పూర్తిచేసిన ఉక్కు కట్టడం వీటిలో పేరున్నవి. ఇవన్నీ పైనుంచి ఒక్క ఆజ్ఞతో లేచినవి కావు. మాజీ యోధుల సంఘాలు, మునిసిపాలిటీలు, ఫ్యాక్టరీలు చందాలు వేసుకున్నాయి, శిల్పులకు పోటీలు పెట్టారు. బడిపిల్లలను బస్సుల్లో తీసుకొచ్చి చూపించారు. ఇక్కడ ఆడిటోరియం, అక్కడ మ్యూజియం అన్నట్టు స్తూపం చుట్టూ ఒక పాఠశాలే నడిచింది.

రూపం లేకపోవడం అక్కడ తెలివైన పని. పువ్వుకు మతం లేదు, రెక్కకు జాతి లేదు. ఏ తల్లి వచ్చినా తన బిడ్డ కోసం ఏడవొచ్చు. ఈ మంచిని మేము కాదనడం లేదు. కానీ అదే తెలివి ఒక మౌనాన్ని కూడా కట్టింది.

యాసెనోవాట్స్‌నే చూద్దాం. అది క్రొయేషియా ఫాసిస్టులైన ఉస్తాషాలు నడిపిన మరణశిబిరం. అక్కడి స్మారక సంస్థ పేరుపేరునా సేకరించిన జాబితాలో 83,145 మంది ఉన్నారు. అందులో 47,627 మంది సెర్బులు, 16,173 మంది రోమాలు, 13,116 మంది యూదులు. రోమాలంటే యూరప్‌లో 'జిప్సీలు' అని చిన్నచూపు చూసే జనం. ఊరి బయట గుడిసెలు, తక్కువ పనులు, దొంగలన్న ముద్ర. వీళ్ళ పూర్వీకులు మన ఉపఖండం నుంచి పోయినవాళ్ళేనని భాషాశాస్త్రం చెప్తోంది. సోషలిస్టు కాలపు స్మారకాల మీద చనిపోయినవాళ్ళకు మామూలుగా వాడిన మాట 'ఫాసిజం బాధితులు'. మాట అబద్ధం కాదు. కానీ రోమాను చంపింది ఫాసిజానికి ఎదురు తిరిగినందుకు కాదు, రోమాగా పుట్టినందుకు. చంపేటప్పుడు పుట్టుక చూసి చంపారు, తలుచుకునేటప్పుడు పుట్టుకను తుడిచేశారు. యాసెనోవాట్స్ పక్కనున్న ఉష్టిత్సా గ్రామంలో రోమాల సామూహిక సమాధుల దగ్గర వాళ్ళ కోసం ప్రత్యేక స్మారక కేంద్రం తెరిచింది 2020 ఆగస్టు 2న. యుద్ధం అయిపోయి 75 ఏళ్ళయ్యాక! అప్పటికి వాళ్ళను 'అందరిలో' కలిపేసిన ఆ రాజ్యమే లేకుండా పోయి చాలా ఏళ్ళయింది.

ఇంకో మౌనం కూడా ఉంది. 1945లో లొంగిపోయిన శత్రువులను పార్టిజాన్లు పెద్ద సంఖ్యలో చంపారు. 1949 నుంచి గోలీ ఒతోక్ ద్వీపంలో స్టాలిన్ పక్షం వాళ్ళని అనుమానించి సొంత కమ్యూనిస్టులనే నిర్బంధించారు. ఆ రాజ్యం వాటికి స్తూపాలు కట్టలేదు. ఏ రాజ్యమైనా తన శత్రువు చేసిన హత్యలకు రాయి నిలబెడుతుంది, తను చేసిన హత్యలకు నిలబెట్టదు. ఈ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే మన దగ్గరి స్తూపాలు కూడా సులభంగా అర్థమవుతాయి.

1991లో యుగోస్లావియా ముక్కలైంది. నిన్నటిదాకా పూలు పెట్టిన చేతులే డైనమైట్ పెట్టాయి. కామెన్స్కాలో బాకిచ్ 1968లో కట్టిన స్మారకాన్ని 1992లో క్రొయేషియా సైనికులు పేల్చేశారు. ఒక్క క్రొయేషియాలోనే పదేళ్ళలో మూడు వేల దాకా స్మారకాలు ధ్వంసమయ్యాయి, లేదా దెబ్బతిన్నాయి. పెత్రోవా గోరా మీది ఉక్కు రేకులను జనం ఊడదీసుకుపోయారు. మోస్తార్ పార్టిజాన్ శ్మశానంలో పేర్లున్న రాతిపలకలను 2022 జూన్‌లో ముక్కలు చేశారు. ఎంత ఎత్తు కట్టారు, ఎంత ఉక్కు పోశారు అన్నది రాతిని కాపాడలేదు. చుట్టుపక్కల బతికేవాళ్ళు 'ఇది మాది' అనుకోవడమే కాపాడుతుంది. ఆ అనుకోవడం పోయిన చోట అవి పాత ఇనుము కింద లెక్క.

వరంగల్ రోడ్డు

ఇక మన రోడ్డు మీదికి వద్దాం. ఇక్కడ సోషలిస్టు రాజ్యం రాలేదు. కానీ ఒక కమ్యూనిస్టు పార్టీ నడిపిన యుద్ధం జరిగింది. ఉప్పల్ దాటి ఘటకేసర్, బీబీనగర్ మీదుగా పోతే భువనగిరి. 1944లో అక్కడే రావి నారాయణరెడ్డి అధ్యక్షతన పదకొండో ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ సభలోనే మితవాదులు విడిపోయి, సంఘం కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. జనం నోట్లో అది ఉత్త 'సంగం' అయింది. ఇంకా ముందుకుపోయి జనగామ నుంచి పక్కకు తిరిగితే కడవెండి. 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపి దొడ్డి కొమరయ్యను చంపారు. అక్కడే దగ్గర్లో కామారెడ్డిగూడెం. సాయుధ పోరాటానికి ముందే, తన భూమి కోసం అదే దేశ్‌ముఖ్‌తో కోర్టులో కొట్లాడినందుకు హత్యకు గురైన షేక్ బందగీ సమాధి ఆ ఊరి రోడ్డు పక్కన ఉంది. ఇంకో పక్క పాలకుర్తి. కౌలు చేసుకుంటున్న నేలనూ, దాని మీద పండిన పంటనూ దొర గుంజుకోకుండా నిలబడ్డ చాకలి ఐలమ్మ ఊరు. జనగామకు ఉత్తరంగా పోతే బైరాన్‌పల్లి. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఊరి మీద పడి, బురుజు ఎక్కి కాపలా కాసిన ఊరివాళ్ళను చంపి, దొరికినవాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చారు. ఆ బురుజే ఇప్పటికీ అక్కడి అసలు స్మారకం.

కొమరయ్య కురుమ. ఐలమ్మ చాకలి. బందగీ ముస్లిం. తెలంగాణ పోరాటంలో ఇవాళ అందరి నోట్లో ఉన్న పేర్లు రెడ్డి నాయకులవి మాత్రమే కావన్నది నిజం. బహుజన ఉద్యమాలు పట్టుబట్టి ఈ పేర్లను ముందుకు తెచ్చాయి. మరి మాదిగ పేరు, మాల పేరు ఏది?

పుచ్చలపల్లి సుందరయ్య 1972లో అచ్చైన తన పుస్తకంలో ఈ పోరాటంలో సుమారు 4,000 మంది కమ్యూనిస్టులు, రైతాంగ యోధులు చనిపోయారనీ, సుమారు 3,000 గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచారనీ లెక్క చెప్పాడు. ఆ నాలుగు వేలల్లో వాడవాళ్ళు ఎందరు? ఆ అంకె దగ్గర ఈ ప్రశ్నకు జవాబు లేదు. దానికి ఆ అంకె వేసినవాళ్ళ దుర్బుద్ధి కారణం అని మేము అనడం లేదు. ఆ లెక్క వేసిన పద్ధతిలో కులం అన్న గడి లేదు. 'రైతు', 'కూలి', 'కామ్రేడ్' అన్న గడులు మాత్రమే ఉన్నాయి. యాసెనోవాట్స్ రాతిపువ్వు కింద రోమా 'ఫాసిజం బాధితుడు' అయినట్టే, ఇక్కడ మాదిగ 'రైతాంగ వీరుడు' అయ్యాడు.

అసలు వాడకు ఈ పోరాటంలో ఉన్న పేచీ ఏమిటో చూడాలి. దొర గడీకి వెట్టి అన్ని సేవక కులాలూ చేశాయి. కానీ వాడ వెట్టి వేరు. మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, మోటబొక్కెన తోలు ఇవ్వాలి, దప్పు కొట్టి చాటింపు వెయ్యాలి, చచ్చిన పశువును మొయ్యాలి. బేగరి అయినవాడు అమీను సామాను నెత్తిన పెట్టుకుని ఊరూరా నడవాలి. ఇవేవీ కౌలు పేచీలు కావు. ఇవి పుట్టుకతో మెడకు తగిలించిన పనులు. భూమి ఉన్న రైతుకు శిస్తు బాధ, కౌలుదారుకు బేదఖలు బాధ. వాడకు అసలు భూమే లేని బాధ, దాని మీద అంటరానితనం బాధ. సంగం వచ్చి వెట్టి ఆపించినప్పుడు వాడ గొంతు లేచింది. అది చిన్న విషయం కాదు. దొర ఎదుట చెప్పులేసుకుని నడవడం, దప్పు కొట్టనని చెప్పడం ఆనాడు తుపాకి పట్టడంతో సమానమైన తెగింపు. కానీ ఇలాంటి తెగింపులకు స్తూపం కట్టే అలవాటు ఎక్కడా లేదు. స్తూపం తూటా తగిలిన చావును గుర్తిస్తుంది. దప్పు కొట్టనన్నందుకు తిన్న దెబ్బలను గుర్తించదు.

భూమి సంగతీ అంతే. భూకామందుల మీద సంగం పెట్టిన పరిమితి మొదట 500 ఎకరాలు. తర్వాత 200కి, ఆ తర్వాత మెట్ట 100, తరి 10 ఎకరాలకు దిగింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక, పారిపోయిన దొరలు ఆ సైన్యం వెనకే ఊళ్ళకు తిరిగొచ్చారు. పంచిన భూమిని చాలాచోట్ల మళ్ళీ గుంజుకున్నారు. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు కొంత హక్కు ఇచ్చింది. కౌలుదారుగా కూడా కాగితం మీద లేని వాడకు ఆ చట్టం ఏమిచ్చింది? వాడకు కావలసిన మొదటి రాయి స్తూపం రాయి కాదు, హద్దురాయి. సర్వే చేసి, గట్టు మీద పాతి, 'ఇక్కడి నుంచి ఇక్కడిదాకా నీది' అని చెప్పే రాయి. అది రాలేదు. స్తూపం మాత్రం వచ్చింది.

ప్రభుత్వం చేతిలో జ్ఞాపకం

తన హత్యలకు ఏ రాజ్యమూ రాయి పెట్టదని పైన అన్నాం. ఇక్కడా అదే జరిగింది. పోరాటాన్ని 1951 అక్టోబరు 21న విరమించారు. 1948 సెప్టెంబరు 17కు ముందు చనిపోయినవాళ్ళను చంపింది నిజాం పోలీసులు, రజాకార్లు, దొరల గూండాలు. ఆ తర్వాత మూడేళ్ళలో చనిపోయినవాళ్ళను చంపింది మనం ఓటేసే ప్రభుత్వపు బలగాలు. మొదటి రకం చావులను తలుచుకోవడం ఏ ప్రభుత్వానికీ కష్టం కాదు. రెండో రకం గొంతులో ముల్లు. సెప్టెంబరు 17ను 2022 నుంచి కేంద్రం 'హైదరాబాద్ విమోచన దినం' అంటోంది. అదే ఏడు రాష్ట్ర ప్రభుత్వం 'జాతీయ సమైక్యతా దినం' అంది. కొత్తగా వచ్చిన ప్రభుత్వం 2024లో 'ప్రజాపాలన దినోత్సవం' అంది. ఒకే రోజుకు మూడు పేర్లు పెట్టారు, సెప్టెంబరు 18 గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇంద్రవెల్లి కథ ఈ విషయాన్ని ఇంకా విడమర్చి చెప్తుంది. 1981 ఏప్రిల్ 20న గిరిజన రైతుకూలీ సంఘం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం 13 మంది అంది, హక్కుల సంఘాలు అంతకు ఎన్నో రెట్లు అన్నాయి. 1983లో స్తూపం కట్టారు. 1986లో దాన్ని పేల్చేశారు. 1987లో ప్రభుత్వమే మళ్ళీ కట్టించింది. కట్టించి, ఏప్రిల్ 20 వచ్చిందంటే చుట్టూ పోలీసులను పెట్టి, నిషేధాజ్ఞలు వేసి, చచ్చినవాళ్ళ బిడ్డలను దగ్గరికి రానివ్వకుండా ఏళ్ళ తరబడి కాపలా కాసింది! రాయిని జనం నుంచి కాపాడిన వింత ఇది. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి అక్కడికి పోయి నివాళి అర్పించాడు. స్మృతివనం కడతామన్నారు. పడగొట్టడం, కాపలా పెట్టడం, సొంతం చేసుకోవడం: స్తూపంతో రాజ్యం నడిపే వ్యవహారంలో ఇవి మూడు మెట్లు. మూడో మెట్టు దాకా రావడం ఉద్యమాల గెలుపే. కానీ అక్కడ నిద్రపోతే ఓటమి. ఎందుకంటే సొంతం చేసుకున్నాక రాయి మీద ఏం రాయాలో ప్రభుత్వమే తేలుస్తుంది.

1969 తెలంగాణ ఉద్యమంలో చనిపోయినవాళ్ళ కోసం గన్‌పార్కులో శిల్పి ఎక్కా యాదగిరిరావు చేతిమీదుగా స్తూపం పూర్తయింది 1975లో. మలిదశ ఉద్యమ అమరుల కోసం హుస్సేన్‌సాగర్ ఒడ్డున మెరిసే ఉక్కుతో కట్టిన 'అమరజ్యోతి'ని 2023 జూన్ 22న ప్రారంభించారు. రెండింటి నడుమా దాదాపు యాభై ఏళ్ళు. మొదటిది అధికారం లేనివాళ్ళ పట్టుదలతో లేచింది, రెండోది అధికారంలోకి వచ్చినవాళ్ళ డబ్బుతో. జనం దుఃఖం వచ్చి కూర్చునే చోటు మాత్రం ఈనాటికీ గన్‌పార్కే. ఊరేగింపు అక్కడి నుంచే మొదలవుతుంది.

చర్మకారుడి పేరు

ఇక్కడ 'స్తూపం' అన్న మాట దగ్గరే కాసేపు ఆగాలి. ఎర్రజెండా కింద వాడుతున్నా ఇది బౌద్ధం ఇచ్చిన మాట. భట్టిప్రోలు, అమరావతి, నాగార్జునకొండ, ఇవన్నీ ధాతువుల మీద లేచిన స్తూపాలు. క్రీస్తు శకం తొలి శతాబ్దాల నాటి అమరావతి స్తూపం మీద ఒక దానశాసనం ఉంది. పూర్ణఘటం చెక్కిన పలకను ఇచ్చినవాడు విధికుడు అనే చర్మకారుడు. తన పేరు, తన పని, ఆచార్యుడైన తన తండ్రి నాగుడి పేరు, ఇంటివాళ్ళ ప్రస్తావన అన్నీ చెక్కించుకున్నాడు. తోలుపని చేసే మనిషి తన పనిని దాచుకోకుండా, ఇంటిపేర్లు అరువు తెచ్చుకోకుండా, ఒక మహాస్తూపం మీద తన పేరు రాయించుకోగలిగాడు. అప్పటి సమాజంలో సమానత్వం ఉండిందని ఈ ఒక్క పలక చూసి మేము అనం. కానీ స్తూపం అన్నది పేరులేని 'ప్రజల'ది మాత్రమే కానక్కర లేదని, పేరున్న చర్మకారుడిది కూడా కాగలదని ఆ పలక చెప్తోంది. ఇరవయ్యో శతాబ్దపు విప్లవ స్తూపాలు దీన్ని మరిచిపోయాయి.

చుండూరు ఇచ్చిన జవాబు

మొదట అడిగిన మూడు ప్రశ్నలకు మన దగ్గర సూటిగా జవాబిచ్చింది చుండూరు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపాక, బతికినవాళ్ళు ఆ ఊరు వదిలి చీరాల వచ్చారు. తిరిగి పోమన్నారు, అక్కడే కాలనీ నిర్మించుకున్నారు. ఊరిని వెలివేసింది వాడ! చరిత్రలో ఎప్పుడూ ఊరే వాడను వెలివేస్తూ వచ్చింది కదా. ఆ పోరాటం నుంచే దళిత మహాసభ పుట్టింది.

1991 ఆగస్టు 6న చుండూరులో అగ్రకులాలవాళ్ళు ఎనిమిది మంది దళితులను వెంటాడి నరికారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పడేశారు. శవాలు దొరికాక ప్రశ్న వచ్చింది: ఎక్కడ పూడ్చాలి? వాడవాళ్ళ శ్మశానం ఊరికి దూరంగా ఉంటుంది. చావులో కూడా అంటరానితనమే. దళితులు పట్టుబట్టి ఊరి నడుమే పూడ్చారు. ఆ చోటుకు 'రక్తక్షేత్రం' అని పేరు పెట్టుకున్నారు. ఏటా ఆగస్టు 6న అక్కడ కూడుకుంటారు.

మూడు ప్రశ్నలూ వేసి చూడండి. ఎవరి నేల? బతికుండగా తలెత్తుకుని నడవనివ్వని ఊరి నడిబొడ్డు. ఏ పేరుతో? రైతు అనో, ఫాసిజం బాధితుడనో కాదు. దళితుడిగా పుట్టినందుకు చంపారు, దళితుడిగానే తలుచుకుంటున్నారు. ఎవరు కాపాడుతున్నారు? చచ్చినవాళ్ళ ఇంటివాళ్ళు, వాళ్ళ ఉద్యమం. ఇందులో పేరున్న శిల్పి లేడు, పోటీలు లేవు, ఉక్కు లేదు. అయినా త్యెంతిష్టే బండలకన్నా బరువైన రాయి ఇది.

దీని వెనక పట్టుదల ఎంతటిదో తర్వాతి చరిత్ర చూపింది. కేసు విచారణకు ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టాలని దళితులు కొట్లాడి సాధించారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. కాగితం మీది తీర్పు తిరగబడింది. నేల మీది తీర్పు, అంటే ఆ సమాధులు, కదలలేదు. కోర్టు ఇవ్వని సాక్ష్యాన్ని రక్తక్షేత్రం ఇస్తోంది.

విగ్రహం ఎత్తు, విగ్రహం చోటు

తూర్పు హైదరాబాదు బస్తీల నుంచి వాడల దాకా దళితులు తమ చందాలతో నిలబెట్టుకున్న అంబేద్కర్ విగ్రహాలు కూడా ఈ కోవలోవే. సిమెంటుతో పోసి, నీలం కోటు వేసి, చేతిలో రాజ్యాంగం పెట్టిన ఆ బొమ్మను చూసి కళ తెలిసినవాళ్ళు నవ్వుకోవచ్చు. అది కళ కోసం పెట్టింది కాదు, చోటు కోసం పెట్టింది. అందుకే దాని చుట్టూ గొడవ. 1997 జూలై 11న ముంబాయి రమాబాయి నగర్‌లో అంబేద్కర్ విగ్రహానికి చెప్పులదండ వేశారని నిరసన తెలిపిన దళితుల మీద కాల్పులు జరిపితే పదిమంది చనిపోయారు. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టొద్దని అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. పేరు కూడా ఒక రాయే మరి.

2019 ఏప్రిల్ 13న, అంటే జయంతికి ఒక్కరోజు ముందు, పంజగుట్ట చౌరస్తాలో అనుమతి లేకుండా పెట్టారని నగరపాలక సంస్థ సిబ్బంది తొలగించిన అంబేద్కర్ విగ్రహం జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరింది. నాచారం, ఉప్పల్ చెత్త పోయేది కూడా ఆ గుట్టలకే. నాలుగేళ్ళకు, 2023 ఏప్రిల్ 14న, అదే నగరంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. 2024 జనవరి 19న విజయవాడలోనూ 125 అడుగులదే లేచింది. ఆకాశమంత విగ్రహం మనకు వద్దా? కావాలి. దాన్ని చూసి గర్వపడే హక్కు వాడకు ఉంది. కానీ ప్రభుత్వం ఇచ్చిన ఎత్తును చూసి, వాడ సంపాదించుకున్న చోటును మరవొద్దు. ప్రభుత్వం ఇష్టపడితే 125 అడుగులు, ఇష్టం లేకపోతే డంపింగ్ యార్డు. యుగోస్లావియా చెప్పిన పాఠం కూడా ఇదే.

ఇక చెయ్యాల్సిన పని

ఇంకో స్తూపం కట్టమని మేము చెప్పడం లేదు. స్తూపం మీద రాయాల్సిన పేర్లు ముందు దొరకాలి. 1948లో పదేళ్ళున్న పిల్లవాడికి ఇప్పుడు ఎనభై ఏడేళ్ళు దాటాయి. వాళ్ళు పోతే పేర్లు పోతాయి. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఇందుకు మంచి దారి చూపింది. పోరాటంలో ఉండి కూడా పార్టీ చరిత్రలో కనబడని ఆడవాళ్ళ దగ్గరికి పోయి, వాళ్ళ మాటను వాళ్ళ మాటగానే రాసుకొచ్చారు. వాడ కోసం అలాంటి పని ఇంకా చాలా మిగిలి ఉంది.

ఉప్పల్, నాచారం బడుల్లో, కాలేజీల్లో చదివే పిల్లల్లో భువనగిరి, జనగామ, సూర్యాపేట వైపు మూలాలున్నవాళ్ళు తక్కువేం కాదు. పండక్కి ఊరికి పోయినప్పుడు ముసలివాళ్ళను అడగాల్సిన ప్రశ్నలు కష్టమైనవి కావు. మన ఇంట్లో గడీకి వెట్టి ఎవరు చేశారు, ఏ పని చేశారు? సంగం వచ్చినప్పుడు వాడలో మొదట ఎవరు ఎదురు తిరిగారు? ఎవరు జైలుకు పోయారు, ఎవరు తిరిగి రాలేదు? తిరిగి రానివాళ్ళను ఎక్కడ పూడ్చారు? సంగం భూమి ఇచ్చిందా, అది ఏ సర్వే నంబరు? ఈ చివరి ప్రశ్నకు వచ్చిన జవాబును 1954-55 నాటి కాస్రా పహాణీతో పోల్చి చూడాలి. తహసీల్దారు ఆఫీసులో నకలు అడగొచ్చు, ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ముసలామె నోటి మాటలో ఉన్న పేరు, పహాణీలో ఉన్న పేరు ఒకటి కాకపోతే, ఆ రెంటి నడుమ ఉన్నదే వాడ చరిత్ర.

ఉప్పల్‌లోనే దేశమంతటికీ సర్వేయర్లను తయారుచేసే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. నేలను అంగుళం తేడా లేకుండా కొలిచే విద్య మన పక్కనే ఉంది. ఆ కొలతలో వాడ వాటా ఎంత అని అడిగే విద్యను మనమే నేర్చుకోవాలి. టీచర్లు దీన్ని తరగతి పనిగా చేయించొచ్చు. కార్యకర్తలు వర్ధంతి సభల్లో ఉపన్యాసం కొంచెం తగ్గించి, ఆ ఊరి వాడ నుంచి దొరికిన పేర్లు గట్టిగా చదవొచ్చు. పేరు రాసేముందు ఇంటివాళ్ళను అడగాలి. పేరుతోపాటు వాళ్ళు చేసిన పనిని, వాళ్ళు కాదన్న పనిని కూడా రాయాలి. విధికుడు రాయించుకున్నట్టు.

తర్వాత స్తూపం కడతారా, కట్టరా అన్నది ఆ వాడవాళ్ళు తేల్చుకుంటారు. కడితే అది ఊరి నడుమ ఉండాలని మాత్రం మేము కోరుకుంటాం.